వస్తాదుగారి బొమ్మ కోసం సంతల వెంట

మా మిషను బడికి దసరాకి పది రోజులు సెలవులిచ్చారు. అందులో తొమ్మిది రోజులు నేను సంతల్లో, పాత సామాను కుప్పల ముందు గొంతుక్కూర్చుని గడిపాను. తిరిగి వచ్చి నెల కావస్తున్నా కుడి మోకాలి వాపు పూర్తిగా తగ్గలేదు. ఎక్కడికి వెళ్ళారు మాస్టారూ అని అడిగినవారికి ధవళేశ్వరం నుంచి తుని దాకా అని చెబుతున్నాను. ఏం పని మీద అంటే మాత్రం మాట దాటేస్తున్నాను, అది రెండు మాటల్లో తేలేది కాదు కనక. ఆ దారిన ఎప్పుడూ వెళ్ళనివారి కోసం, వెళ్ళినా సంతలో పాత సామాను వైపు చూడనివారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

నేను రాజమహేంద్రవరంలో డ్రిల్లు మాస్టారిని. వయసు నలభై ఆరు. పొద్దున్న పిల్లల చేత కసరత్తు చేయిస్తాను, సాయంత్రం బ్యాటూ బంతీ ఆడిస్తాను. నాకొక పిచ్చి ఉంది. సిగరెట్టు పెట్టె వంగిపోకుండా అందులో చిన్న అట్టముక్క పెడతారు, దాని మీద బొమ్మ ఉంటుంది. ఆటగాళ్ళ బొమ్మలైతే నేను వదలను. బ్యాటు పట్టుకున్న దొరలు, తెడ్లు వేసే దొరలు, చొక్కా విప్పి కండలు చూపించే దొరలు. నేను సిగరెట్టు ముట్టను. కచేరీ గుమాస్తాలనీ రైలు స్టేషన్లో ప్రయాణికులనీ అడిగి తెచ్చుకుంటాను. బిస్కట్ల డబ్బా ఒకటి వాటితో నిండిపోయింది.

నాకు కుస్తీ నేర్పింది అప్పలస్వామి వస్తాదుగారు. గోదావరి గట్టు పక్కనే ఆయన తాలింఖానా ఉండేది. మా నాన్న మిషనులో ఉపదేశి. కొడుకు అక్కడ ఆంజనేయస్వామి పటానికి మొక్కుతాడేమోనని ఆయన భయం. వస్తాదుగారు ఆయన్ని పిలిపించి, "మీవాడు మీ దేవుణ్ణే తలుచుకుని గోదాలోకి దిగుతాడు లెండి. మట్టికి ఆ పట్టింపు లేదు" అన్నారట. నేను ఆరేళ్ళు నేర్చుకున్నాను.

పోయిన చలికాలంలో ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. కాలక్షేపానికి నా డబ్బా పట్టుకెళ్ళి ఒక్కో బొమ్మా చూపించేవాణ్ణి. ఒకరోజు అన్నీ చూసి, "ఇందులో మనోళ్ళు ఒక్కరూ లేరేంట్రా దావీదూ?" అన్నారు. నేను బొమ్మలు మళ్ళీ డబ్బాలో సర్దుతుంటే ఆయనే అన్నారు.

"నాదీ ఫోటో దింపేరొకటి, అట్ట మీద. పెద్దాపురంలో కుస్తీ అయ్యాకా. కాకినాడ నుంచి ఒకాయన మూడు కాళ్ళ పెట్టె తెచ్చేడు. మా ఇద్దరికీ చెరో అట్టా ఇచ్చేరు. నాది వరదలో పోయింది."

పెద్దాపురం కుస్తీ మా తాలింఖానాలో అందరికీ తెలుసు. ఉత్తరాది నుంచి వచ్చిన మస్తాను పహిల్వాన్ని జమీందారుగారి ఎదుట వస్తాదుగారు చిత్తు చేశారని నేను చేరిన రోజే పెద్ద కుర్రాళ్ళు చెప్పారు. ఇరవై ఏళ్ళ బట్టి నేను మా బడి పిల్లలకి అదే చెబుతున్నాను. మన ఊరి మనిషి, ఇంత దూరం నుంచి వచ్చినవాణ్ణి గెలిచాడు అని.

వస్తాదుగారి కూతురు సత్తెమ్మ నన్ను గుమ్మం దాకా సాగనంపింది. "నాకు ఏడాది నిండకుండానే బియ్యం బస్తా పడి నాన్న నడుం పోయిందంట అన్నయ్యా. నాన్న నిటారుగా నిలబడగా నేను చూళ్ళేదు" అంది. మిషను ఆసుపత్రి డాక్టరుగారు ఇంకోసారి పక్షవాతం వస్తే ఆశ లేదని ముందే చెప్పి ఉన్నారు. సెలవులిచ్చిన మర్నాడే, ఆ రెండో అట్ట ఏ సంతలోనైనా తేలి ఉంటుందేమోనని నేను బయల్దేరాను.

ధవళేశ్వరం

వానలో కాలవ పడవెక్కి బయల్దేరాను. ఇప్పుడు వంతెన మీద రైలెక్కి గోదావరిని నిమిషాల్లో దాటేస్తున్నాం కాబట్టి కాలవ పడవ సంగతి మరిచిపోయాం. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగుతారు. గట్టు బురదగా ఉంటే వాళ్ళ కాళ్ళు జారతాయి, జారినప్పుడల్లా పడవ ఆగుతుంది. లోపల కూర్చున్న మనకి విసుగు పుడుతుంది. ఆ విసుగు కలిగినందుకు తర్వాత సిగ్గూ పుడుతుంది.

పక్కన లంక పొగాకు కట్టలతో ఒక ఆసామి కూర్చున్నాడు. సంతకి ఏం కొనడానికని అడిగాడు. ఒక బొమ్మ కోసమన్నాను.

"కొయ్యదా అండి, మట్టిదా?"

"అట్టదండి. ముప్పై ఏళ్ళ నాటిది."

"ముప్పై ఏళ్ళ నాటిదంటున్నారు. అట్ట ఈ దేశంలో ముప్పై ఏళ్ళు ఉంటాదా అండి? చెదలు, వరద, పొయ్యి. మూడిట్లో ఏదో ఒకటి తినేత్తాది."

ఆయన నన్ను నిరుత్సాహపరచాలని అనలేదు. తన పొగాకు గురించి చెప్పినట్టే చెప్పాడు. లాకు గోడకి పడవ తగిలిన కుదుపుకి నా గొడుగు నీళ్ళలో పడిపోయింది. తలుపులు తెరుచుకుని నీళ్ళు ఒక్కసారి దూకేసరికి గొడుగు మాకంటే ముందు వెళ్ళిపోయింది. అలా తొలిరోజు మధ్యాహ్నానికే తడిసిపోయాను.

రామచంద్రపురం

ఇక్కడి సంతలో కూరగాయలూ మేకలూ గుడ్డలూ దాటి వెళితే చివర్న పాత సామాను పరుస్తారు. తుప్పు పట్టిన తాళాలు, ఒంటి చెప్పు, పిడి లేని కత్తులు, సీసా మూతలు. మా ఊళ్ళో పాత వస్తువుని అమ్మేవాళ్ళు దాన్ని తుడిచి పెడతారు. ఇక్కడ తుడవరు. దుమ్ము ఉంటేనే పాతదని నమ్ముతారట, ఆ మాట అమ్మేవాళ్ళే చెప్పారు.

ఆ వరస అంతటికీ పెద్దదిక్కు మంగమ్మ అనే ఆవిడ. ఇనప పెట్టె మీద కూర్చుని ఉల్లిపాయ కొరుక్కుంటూ చల్దన్నం తింటోంది. ఫోటో అట్టలు ఉన్నాయా అని అడిగితే గోనె కింద నుంచి ఒక పటం తీసింది. కోటూ తలపాగా వేసుకున్న ఎవరో ముసలాయన.

"ఈయన కాదమ్మా. నేను వెతికేది ఒక వస్తాదుని."

"మీసాలున్నాయి కదండి. తీసుకోండి. ఎవరైతే ఏంటి, దండేసి దణ్ణం పెట్టుకోడానికే కదా."

ఇంకా ఏమైనా ఉన్నాయా అని అడిగాను. ఆవిడ నా మొహం చూసి కొంచెం మెత్తబడింది. "మీకు నిజం చెప్తాను మాస్టారూ. పెద్దోళ్ళు పోయాకా ఇళ్ళల్లోంచి పటాలు వత్తాయి. అద్దం తీసి అద్దం అమ్ముతాను, చట్రం తీసి చట్రం అమ్ముతాను. లోపలి అట్ట ఎవరు కొంటారండి? పొయ్యిలోకి బాగా అంటుకుంటాది."

ఆ మాట తర్వాత కూడా నేను ఆ గోనెలన్నీ వెతికాను. రెండు గంటలు పట్టింది. లేవబోతే మోకాలు పట్టేసి లేవలేకపోయాను. మంగమ్మే వచ్చి చంకలో చెయ్యేసి లేపింది. పటంలో ముసలాయన్ని మాత్రం నాకు అమ్మకుండా వదల్లేదు. రెండణాలు తీసుకుంది. ఎవరో తెలియని ఆ పెద్దమనిషి ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాడు. పొయ్యిలో పెట్టడానికి మనసొప్పలేదు.

యానాం

ద్రాక్షారామంలో ఒక రోజు వృథా అయింది. అక్కడి నుంచి యానాం చేరాను. ఊళ్ళో అడుగు పెట్టగానే జెండా మారుతుంది. మనుషులు మారరు, అదే తెలుగు, అదే కట్టుబట్ట. మారేదల్లా సారా ధర. మనవైపు ఒక బుడ్డికి ఇచ్చే డబ్బుకి ఇక్కడ రెండొస్తాయి కాబట్టి మన తాలూకాల వాళ్ళందరికీ ఈ ఊళ్ళో చుట్టాలే.

సిగరెట్టు బొమ్మలకి మంచి చోటని విని ఒక శెట్టిగారి కొట్టుకి వెళ్ళాను. ఒక వైపు పప్పులూ నూనే, మరో వైపు రంగురంగుల సీసాలు. నేను బొమ్మలు ఏరుకుంటూ ఉండగా మా చర్చి సంఘం పెద్దల్లో ఒకాయన కోటు కింద ఏదో దాచుకుని లోపలి గదిలోంచి బయటికొచ్చారు. ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. ఇద్దరం గోడ మీద బల్లిని చూస్తున్నట్టు నిలబడ్డాం. ఆయన వెళ్ళిపోయాక శెట్టిగారు, "మీ ఊరాయనేనా అండి?" అన్నారు. తెలీదన్నాను. అలా అబద్ధమాడి తర్వాత చాలాసేపు బాధపడ్డాను.

శెట్టిగారి దగ్గర ఓడవాళ్ళు వదిలేసిన బొమ్మల కట్ట ఉంది. అందులో ఇద్దరు ఫ్రెంచి మల్లులు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఉన్న బొమ్మ దొరికింది. మామూలు రోజైతే ఎగిరి గంతేసేవాణ్ణి. ఆ రోజు వెంట తెచ్చిన డబ్బాలో వేసుకున్నాను, అంతే. వస్తాదుగారి సంగతి చెబితే శెట్టిగారు తాపీగా విన్నారు.

"పెట్టెతో బొమ్మలు దింపే నాయుడుగారని కాకినాడ జగన్నాథపురంలో ఉండేవారండి. మా నాన్నగారి పటం ఆయన దింపిందే. ఆయన పోయారు కానీ ఆవిడ ఉన్నారు. సంతలు తిరిగే బదులు అక్కడికి వెళ్ళకపోయారా?"

ఈ ఆలోచన నాకు మొదటే ఎందుకు రాలేదో తెలీదు. బొమ్మల పిచ్చివాడికి వెతకడమే ముఖ్యమైపోతుంది కాబోలు.

పొలిమేర దాటేటప్పుడు సుంకం చౌకీ బంట్రోతు నా డబ్బా చూసి సీసా ఉందనుకున్నాడు. మూత తీసి దొరల బొమ్మలు చూసి తెల్లబోయాడు. ఒక్కొక్కటీ బల్ల మీద పరిచి చూశాడు. వెనక బళ్ళు ఆగిపోయాయి. చివరికి, "ఒకటి ఇచ్చి పొండి మాస్టారూ" అన్నాడు. నాకు అంతగా అక్కర్లేనిదేదో తీసుకుంటాడనుకున్నాను. సరిగ్గా ఫ్రెంచి మల్లుల్నే తీసుకున్నాడు.

కాకినాడ

నాయుడుగారి భార్య రత్నమ్మగారికి డెబ్భై దాటి ఉంటాయి. కంచులాంటి గొంతు. నేను వచ్చిన పని వింటూనే తల అడ్డంగా ఊపారు.

"అట్టలు ఏవీ లేవు నాయనా. గాజు పలకలుండేవి, వాటి మీదే ముందు బొమ్మ పడేది. ఆయన పోయాకా ఏం చేసుకోను? కడిగించి కిటికీలకి వేయించేశాను. మంచి గాజు."

ఆవిడ చూపించిన వైపు చూశాను. పడమటి కిటికీలకి చిన్న చిన్న చదరాలు. వాన తెరిపిచ్చి ఎండ కాస్తోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే కొన్ని పలకలు సరిగ్గా కడగలేదని తెలిసింది. ఒక దాంట్లో కుర్చీ చెయ్యి, ఒక దాంట్లో పిల్ల గౌను అంచు, ఒక దాంట్లో రెండు పాదాలు. మసకగా, తిరగేసిన రంగుల్లో, మొహాలు నల్లగా జుట్టు తెల్లగా. నేను ఒక్కో పలకకీ కళ్ళు ఆనించి వెతికాను. రత్నమ్మగారు కుర్చీ తెచ్చి వేశారు, పై వరస అందడానికి.

ఎవరెవరో కనిపించారు. వస్తాదుగారు కనిపించలేదు.

ఆవిడ నాకు చేపల పులుసుతో అన్నం పెట్టారు. మా ఇంట్లో పులుసులో బెల్లం వేయరు, ఆవిడ వేశారు, బాగుంది. తింటుంటే అన్నారు: "మల్లుల బొమ్మ నాకు గుర్తే. ఒక మనిషి ఊపిరి బిగబట్టి నిలబడలేకపోయాడని, మూడుసార్లు దింపాల్సొచ్చిందని ఆయన చెప్పుకునేవారు. ఆ కుస్తీ చూసినవాళ్ళు పెద్దాపురంలో ఎవరైనా ఉంటారు, అడుగు."

పెద్దాపురం

ఆదివారం. మా చర్చి గంట వినపడనంత దూరంలో, సంతలో ఉన్నాను. ఇరవై ఏళ్ళలో ఆరాధన మానడం అదే మొదటిసారి. పాత సామాను అమ్మేవాళ్ళు నలుగురే ఉన్నారు, అట్టలు ఎవరి దగ్గరా లేవు. బురదలో జారి పడి పంచె పాడు చేసుకున్నాను. మరిడమ్మ గుడి పక్క నూతి దగ్గర అది ఉతుక్కుంటుంటే ఒక ముసలాయన నీళ్ళు తోడి పోశాడు. పేరు వీర్రాజు. ఒకప్పుడు జమీందారుగారి దగ్గర బంట్రోతు. కుస్తీ మాట ఎత్తగానే చేద కింద పెట్టేశాడు.

"చూడ్డమేంటండి, ఆ గోదా తవ్వినోళ్ళలో నేనొకణ్ణి. రెండు గంటలు పట్టిందండి. జనం గొంతులు పోయాయి. మీ రాజమండ్రి ఆయన గట్టోడే. కానీ ఆఖర్న మస్తాను వేసేశాడు కదండి."

"మస్తాన్ని మా వస్తాదుగారు వేశారు" అన్నాను.

"కాదండి. తలపాగా శాలువా మస్తానుకే కట్టేరు. పళ్ళెం పట్టుకుని నిలబడింది నేనే. ఆయన ఇంకా ఉన్నాడు కూడాను. తునిలో ఎముకలు కడతాడు. మీరెళ్ళి అడగొచ్చు."

ఆయన మాటలో పోటీ లేదు, వెటకారం లేదు. తడి పంచె చేత్తో పట్టుకుని నూతి గట్టు మీద కూర్చుండిపోయాను. ఇరవై ఏళ్ళలో ఎందరు పిల్లలకి చెప్పానో ఆ కథ. సామర్లకోట స్టేషనుకి వచ్చాక ఎటు టిక్కెట్టు తీసుకోవాలో తోచలేదు. ఇంటికి వెళ్ళిపోయి, దొరకలేదని చెప్పేస్తే ఎవరికీ ఏ బాధా ఉండదు. మస్తాను దగ్గర ఉండే రెండో అట్ట తెచ్చానా, మంచం మీద ఉన్న మనిషికి ఆయన ఓటమి తెచ్చి ఇచ్చినట్టవుతుంది. బల్ల మీద కూర్చుని ఒక రైలు పోనిచ్చాను. నాన్న నిటారుగా నిలబడగా చూళ్ళేదన్న సత్తెమ్మ మాట గుర్తొచ్చింది. చివరికి తునికే తీసుకున్నాను.

తుని

తమలపాకుల బుట్టలు దాటుకుని, పశువుల సంత చివర మస్తానుగారి పాక కనుక్కున్నాను. బయట ముగ్గురు విరిగిన చేతులతో కూర్చుని ఉన్నారు. ఆయన ఒకడి మోచేతికి వెదురు బద్దలు కడుతున్నాడు. వెడల్పాటి మనిషి, గడ్డం పూర్తిగా తెల్లబడింది, తెలుగు మనలాగే మాట్లాడతాడు. నా నడక చూసి, "మోకాలా? కూర్చో" అన్నాడు.

మోకాలి కోసం కాదని, అప్పలస్వామి వస్తాదుగారి శిష్యుణ్ణని చెప్పాను. కడుతున్న గుడ్డ ముడి వేసి, చేతులు తుడుచుకున్నాడు.

"అప్పలసామి బతికున్నాడా?"

"ఉన్నారండి. ఒక పక్క పడిపోయింది."

"మాట?"

"మాట బాగానే ఉంది."

"మాట ఉంటే చాలు" అని నన్ను లోపలికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య బీబమ్మ మజ్జిగ ఇచ్చింది. మోకాలికి నూనె రాస్తూ మస్తానుగారు నెమ్మదిగా చెప్పాడు.

"ఇద్దరికీ ఒంట్లో ఏం మిగల్లేదు. అప్పుడు పడ్డాడు. మర్నాడు నాకు జ్వరం. పరాయి ఊరు, భాష రాదు. సత్రంలో పడి ఉంటే గిన్నెతో గంజి తెచ్చేడు. నాలుగు రోజులు తెచ్చేడు. ఓడినోడు తెచ్చేడు నాకు గంజి. తర్వాత మా దేశం వెళ్ళాలనిపించలేదు. ఇక్కడే ఉండిపోయాను."

నేను బొమ్మ సంగతి చెబితే కొయ్యపెట్టెలోంచి గుడ్డలో చుట్టిన అట్ట తీశాడు. ఒక మూల చెదలు కొట్టేసింది. తివాచీ మీద ఇద్దరు. కుడివైపు మస్తాను, తలపాగా, శాలువా. ఎడమవైపు మా వస్తాదుగారు, బోసి తల, గోచీ, ఒంటినిండా ఇంకా మట్టి. నేను చేరేనాటికే ఆయన పొట్ట కొంచెం వదులైంది. ఇక్కడ అది లేదు. నిటారుగా, గడ్డం ఎత్తి నిలబడి ఉన్నారు.

"ఇది నా దగ్గర ఒక్కటే ఉంది" అన్నాడు మస్తానుగారు.

"కత్తిరించి ఇచ్చేయండి. ఎవరి బొమ్మ వాళ్ళకుంటుంది" అని బీబమ్మ కట్లగుడ్డ కోసే కత్తెర తెచ్చి పక్కన పెట్టింది.

ఆయన ఆలోచించి తలూపాడు. "అదీ బాగుంది. మీ వస్తాదు పక్క నువ్వు పట్టుకెళ్ళు బాబూ."

ఆ కత్తెర వంక చాలాసేపు చూశాను. అది సరిగ్గా మధ్యలోంచి వెళితే తలపాగా ఉండదు, శాలువా ఉండదు. వస్తాదుగారు ఒక్కరే మిగులుతారు. గెలిచినవాడా ఓడినవాడా ఎవరూ చెప్పలేరు. సత్తెమ్మకి తండ్రి దొరుకుతాడు, నా ఇరవై ఏళ్ళ కథా నిలబడుతుంది. ఇంత ఎండావానా పడ్డాక ఆమాత్రం నాకు దక్కాలనిపించింది కూడా. మనసు అటే వెళ్ళిపోయిందని ఒప్పుకుంటాను.

"కొయ్యొద్దండి" అన్నాను. "అలాగే ఇవ్వండి. చూపించి తెచ్చిస్తాను."

"తేకపోతే?"

"బడి మాస్టారినండి."

"మాస్టార్లని చూశాను" అన్నాడు నవ్వకుండా. ఆయన కళ్ళు నా డబ్బా మీద పడ్డాయి. మూత తీసి బొమ్మలు చూశాడు. చొక్కా విప్పిన దొరని వెలుతురుకి పెట్టి, భుజం ఎలా నిలిపాడో బీబమ్మకి చూపించాడు. "ఇది ఇక్కడ పెట్టి వెళ్ళు."

పెట్టాను. ఎనిమిదేళ్ళుగా పోగు చేసిన బొమ్మలు. స్టేషనుకి నడుస్తుంటే చెయ్యి తేలికగా, వింతగా ఉంది. మస్తానుగారు ఇచ్చిన నూనె సీసా ఒక జేబులో, అట్ట చొక్కా లోపల.

రాజమహేంద్రవరం

ఇంటికి కూడా వెళ్ళకుండా స్టేషను నుంచి నేరుగా వస్తాదుగారింటికే వెళ్ళాను. మధ్యాహ్నం. సత్తెమ్మ ఆయనకి జావ తాగిస్తోంది. దారి పొడుగునా ఎలా చెప్పాలో నేర్చుకున్న మాటలు వదిలేసి, అట్ట ఆయన ఎడంచేతిలో పెట్టాను.

ఆయన చాలాసేపు చూశారు. "వీడు ముసలాడైపోయాడా?" అన్నారు ముందు, మస్తాన్ని ఉద్దేశించి.

"అయిపోయారండి. ఎముకలు కడుతున్నారు. మీరు గంజి తెచ్చారని చెప్పారు." తర్వాత అన్నాను, "గురువుగారూ, మీరు గెలిచారని అందరికీ చెప్పానండి. బడిలో కూడా."

"ఎవరు చెప్పేర్రా నీకు గెలిచానని?"

"పెద్ద కుర్రాళ్ళండి."

"నన్నడిగేవా?"

అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆయన ఏనాడూ చెప్పుకోలేదని కూడా నాకు అప్పుడే తట్టింది. మేమే చెప్పుకున్నాం. ఆయన ఎదురుగా చెప్పుకుంటుంటే ఆయన లేచి బయటికి వెళ్ళిపోయేవారు. వినయం అనుకున్నాం.

సత్తెమ్మ అట్ట తీసుకుని గుమ్మం దగ్గర వెలుతురులోకి వెళ్ళింది. ఎంతకీ తిరిగి రాలేదు. వెళ్ళి చూస్తే ఆవిడ చూపుడువేలు అట్టకి తగలకుండా, పైన గాల్లో, తండ్రి భుజం మీద నుంచి మోచేతి దాకా నెమ్మదిగా గీస్తోంది. "ఇంత మెడ ఉండేదా నాన్నకి" అంది నాతో.

"తలపాగా పెట్టుకున్నాయన ఎవరు నాన్నా?" అని అక్కడి నుంచే అడిగింది.

"గెలిచినోడు" అన్నారు వస్తాదుగారు.

"ఊఁ" అని, మళ్ళీ తండ్రి వైపు చూడటంలో పడిపోయింది.

ఆ అట్ట ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. నా డబ్బా తునిలోనే ఉంది. ఆవిడ ఇవ్వలేదు, నేను అడగలేదు. మస్తానుగారికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను. తొందరేం లేదు, దొరల బొమ్మలు బాగున్నాయి, కట్లు కట్టించుకునేవాళ్ళకి నెప్పి మరపించడానికి చూపిస్తున్నాను అని ఎవరి చేతో రాయించి పంపాడు.

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళొస్తానని లేవబోతే వస్తాదుగారు దగ్గరికి రమ్మన్నారు. మంచం పక్కన కూర్చున్నాను. ఎడంచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. పట్టు తెలుస్తోంది, వేళ్ళు ఎముక దాకా దిగాయి.

"మస్తాను ఇక్కడ పట్టేడు. నేను వెనక్కి లాగేను. లాక్కూడదు. వాడికి కావలసింది అదే. వాడి మీదికి వెళ్ళాలి, ఇలా, భుజంతో. అప్పుడే తెలుసు నాకది, ఒళ్ళు వినలేదు. ఏదీ, చెయ్యి."

నేను చేశాను. ముందుకి, భుజంతో. మోకాలు కలుక్కుమంది. ఆయన పట్టు వదిలి, తృప్తి పడనివాడిలా తల అడ్డంగా ఊపారు.

"ఆలస్యం చేశావు. మళ్ళీ చెయ్యి" అన్నారు. "నువ్వు బాగా చెయ్యి, అప్పుడు పిల్లలకి చెబుదువుగాని."